వీపు తిప్పి వాయించినవాడు

నేను ఒక గిటారుని. వీణకున్న మర్యాద లేనిదాన్ని, వయొలిన్‌లా సభల్లో శాలువాలు చూడనిదాన్ని, కరెంటు పోతే నోరు పడిపోయే జాతిదాన్ని. ప్రస్తుతం హైదరాబాదులో ఒక ప్రదర్శనశాలలో గాజు పెట్టెలో నిలబడి ఉన్నాను. పక్కన ఒక ఇత్తడి పలక పెట్టి, దాని మీద సురేంద్రనాథ్ అని పేరు చెక్కి, ఈ గిటారు మీద ఆయన ఎంతటి సంగీతం పలికించాడో నాలుగు వరుసల్లో రాశారు. ఆ సురేంద్రనాథ్ నన్ను పట్టుకున్నది జీవితం మొత్తంలో ఒకే ఒక్కసారి, పది నిమిషాలు. అదీ ఫొటో కోసం. ఆ పది నిమిషాల్లో నన్ను కింద పడెయ్యలేదు, అదే పదివేలు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, ఆ సామెత కళ్లారా చూడాలనుంటే టికెట్ కొనుక్కుని రండి.

నన్ను వాయించినవాడి పేరు జీవరత్నం. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆ పేరు మీరు విని ఉండరు. విన్నవాళ్లు ఎవరూ లేరు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

నేను పుట్టింది వెయ్యి తొమ్మిది వందల డెబ్భై నాలుగులో, సికింద్రాబాదులో. పాతబడ్డ ఒక ఫస్ట్ క్లాసు పెట్టెను రైల్వేవాళ్లు వేలం వేస్తే, దాని టేకు చెక్కలు వడ్రంగి వీరాచారి పాడుకున్నాడు. వాటిలో తలుపులకు పోయినవి పోగా మిగిలిన ముక్కను నేను. అంతకుముందు ముప్పై ఏళ్లు దొరల వీపులు ఆనిన చెక్కను, కాబట్టి నాకు కొంచెం పొగరు ఉండేది. వీరాచారి ఆ పొగరంతా చిత్రిక పట్టేశాడు.

వీరాచారి తాత వీణలు చేసినవాడట. ఈయన మాత్రం గిటారును చేత్తో ముట్టుకుని ఎరగడు. జీవరత్నం ఒక క్యాలెండరు బొమ్మ తెచ్చి చూపించాడు. అందులో గిటారు పట్టుకున్న తెల్లదొర మోచెయ్యి అడ్డం రావడంతో సగం ఆకారం కనబడదు. కనబడని సగం వీరాచారి ఊహించుకుని చేశాడు. అందుకే నాకు ఒక కొమ్ము మేకది, ఇంకో కొమ్ము దున్నది. ఇంత చేసినా ఆయనకు ఒక అనుమానం మాత్రం తీరలేదు.

"గిదేం వీణరా జీవరత్నం, కడుపే లేదు. సప్పుడెట్ల వస్తది?"

"దీని కడుపు పక్కన డబ్బల ఉంటది మామా. తీగ ఈడ కొడితే ఆడ మొత్తుకుంటది."

"మనుషుల్ల గూడ ఉన్నరు గసుంటోళ్లు," అన్నాడు వీరాచారి. ఆయన మాట ఎంత నిజమో నాకు తెలిసి రావడానికి నలభై ఏళ్లు పట్టింది.

మెడ మీది ఇత్తడి మెట్లు జీవరత్నమే ఆకురాయి పట్టి కూర్చాడు. పాత టెలిఫోను అయస్కాంతాలకు వెంట్రుకంత రాగి తీగ వేల చుట్లు చుట్టి, నా గొంతు కూడా అతనే తయారుచేశాడు. చుట్టేటప్పుడు లెక్క తప్పితే విప్పి మళ్లీ మొదలుపెట్టేవాడు. లెక్క అంటే అతనికి అంత పట్టింపు. చర్చిలో పాటలు పాడుతూ స్వరాలు నేర్చుకున్నవాడు, వర్క్‌షాపులో సుత్తుల మధ్య తాళం నేర్చుకున్నాడు. నలుగురు నాలుగు చోట్ల రివెట్లు కొడుతుంటే, ఆ నాలుగు దెబ్బలూ మళ్లీ ఎక్కడ కలుస్తాయో పెదాల మీదే లెక్కపెట్టుకునేవాడు. తోటివాళ్లు చూసి వీడికి గాలి సోకిందన్నారు.

ఆ రోజుల్లో ఇంగ్లండు సీమ నుంచి ఒక రకం సంగీతం వస్తుండేది. పాట మూడు నిమిషాల్లో అయిపోదు, ఇరవై నిమిషాలు నడుస్తుంది. తాళం మధ్యలో మారిపోతుంది. కాసేపు జాజ్, కాసేపు చర్చి, కాసేపు ఉరుము. లాలాగూడలో ఇంజను డ్రైవరు కొడుకు టెర్రీ ఇంట్లో ఆ రికార్డులు ఉండేవి. టెర్రీ డ్రమ్స్ వాయిస్తాడు. మారేడుపల్లిలో బంగళా ఉన్న సురేంద్రనాథ్‌కు సీమ నుంచి తెప్పించిన ఆర్గన్ ఉంది. జీవరత్నానికి నేనున్నాను. ముగ్గురూ కలిసి 'నార్త్ కేబిన్' అని బ్యాండు పెట్టుకున్నారు. రైలు పట్టాలు మార్చే కేబిన్ పేరు అది. సురేంద్రనాథ్‌ను మిగతా ఇద్దరూ సూరీ అనేవాళ్లు. కారు లేని కారుషెడ్డులో ఆదివారాలు సాధన. సూరీ వాళ్లమ్మ పెసరట్లు పంపించేది. నిజం చెప్పాలి, ఆ రోజుల్లో ముగ్గురూ ఒక్క కంచంలో తిన్నారు.

వాళ్ల వాయింపులో పెద్ద పాట పేరు 'అప్ గూడ్స్'. పదకొండు లెక్కలో నడుస్తుంది. తకిట తకిట తకిట తక. జీవరత్నం కట్టిన వరుస అది. గూడ్సు బండి చివరి పెట్టె పోయాక కూడా పట్టా కాసేపు వణుకుతుంది కదా, ఆ వణుకు నా ఆరు తీగల మీద తెచ్చాడు. ఏ తీగను ఎక్కడ లాగితే నేను ఏడుస్తానో, ఎక్కడ అరచెయ్యి ఆనిస్తే నోరు మూసుకుంటానో నాకంటే అతనికే బాగా తెలుసు.

అయితే అతనికొక అలవాటు ఉండేది, పాడు అలవాటు. పదకొండు లెక్కలో అడుగు తప్పకుండా ఉండాలంటే టెర్రీ ఎడమ మోకాలు చూడాలి. టెర్రీ నోటితో లెక్కపెట్టడు, మోకాలితో పెడతాడు. అందుకని జీవరత్నం జనం వైపు వీపు తిప్పి, డ్రమ్స్ వైపు మొహం పెట్టి వాయించేవాడు. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో క్రిస్మస్ ముందు వాయిస్తుంటే వెనక వరసలోంచి ఎవరో అరిచారు.

"ఏందన్నా, మొఖం జూపెట్టవా? పెండ్లిపిల్లవా ఏంది?"

జనం నవ్వారు. తర్వాత సూరీ నచ్చజెప్పాడు. "జీవా, ఒక్కసారైనా ఇటు తిరుగు. నువ్వెవరో తెలియాలి కదా జనానికి."

"తెలిస్తే ఏమొస్తది సూరీ? లెక్క తప్పితే ఇజ్జత్ పోతది. మొఖం జూసెటోనికి నీ మొఖం ఉన్నది గదా."

జోకు వేశానని అనుకున్నాడు పిచ్చివాడు. ఈ రకం సంగీతం వాయించేవాళ్లంతా ఇంతేనా, లేక నా ప్రాణానికే ఇటువంటివాడు దొరికాడా అని చాలాసార్లు అనుకున్నాను. లెక్క నిలిస్తే చాలు, లోకం ఎటు పోయినా ఫరవాలేదంటారు. లోకం కూడా వాళ్ల గురించి సరిగ్గా అలాగే అనుకుంటుంది.

డెబ్భై తొమ్మిదిలో మద్రాసు పోయి ఒక లాంగ్‌ప్లే రికార్డు చేశారు. మూడు రోజుల పని. తిరిగొచ్చాక రికార్డు అట్ట మీదికి ఫొటో కావాలని కంపెనీవాళ్లు ఉత్తరం రాశారు. ఫొటో స్టూడియో మేడ మీద ఉంది. సూరీ ఆర్గన్ ఎత్తాలంటే నలుగురు హమాలీలు కావాలి, ఆ సన్నని మెట్ల మీద ఎక్కదు. జీవరత్నానికి ఆ రోజు షిఫ్టు, సెలవు దొరకలేదు. అతను పొద్దున్నే నన్ను టెర్రీ చేతికిచ్చి, "ఫొటోల ఇది ఉంటే నేను ఉన్నట్టే," అని డ్యూటీకి పోయాడు. చేతుల్లో ఏదో ఒకటి ఉండాలి కదా అని ఫొటోగ్రాఫరు నన్ను తీసి సూరీ మెడలో వేశాడు. టెర్రీ డ్రమ్ము పుల్లలు పట్టుకున్నాడు. సూరీ వేళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక, మెట్ల మధ్య పెట్టాల్సినవి ఇత్తడి మెట్ల మీదే పెట్టాడు. ముగ్గురూ తర్వాత ఆ ఫొటో చూసుకుని కడుపుబ్బ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది జీవరత్నమే.

అట్ట మీద ఎవరు ఏం వాయించారో అచ్చు వేయలేదు. 'నార్త్ కేబిన్, సారథ్యం: సురేంద్రనాథ్' అని వేశారు. కంపెనీకి ఉత్తరాలు రాసింది ఆయనే కాబట్టి వాళ్లకు తెలిసిన పేరు అదొక్కటే. రికార్డు అమ్ముడుపోలేదు. పోతుందని ఎవరూ అనుకోలేదు కూడా. చెవిటివాడి ముందు శంఖం ఊదడం అప్పటికి కొత్త కాదు.

తర్వాత సూరీ వ్యాపార ప్రకటనలకు సంగీతం కట్టడానికి బొంబాయి వెళ్లాడు. టెర్రీ కుటుంబం ఆస్ట్రేలియా వెళ్లిపోయింది, అక్కడే కొన్నేళ్లకు టెర్రీ చనిపోయాడు. జీవరత్నం నన్ను పట్టుకుని పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో చేరాడు. అక్కడ నాలుగు లెక్క దాటితే మేనేజరు కళ్లెర్రజేసేవాడు. "నీ సర్కస్ ఇంట్ల జేసుకో, ఈడ జర్ర టక్ టక్ కొట్టు సాలు," అనేవాడు. జీవరత్నం టక్ టక్ కొట్టాడు. ఆరేళ్లు కొట్టాడు. నా తీగలు తుప్పు పట్టినా నాకంత బాధ ఉండేది కాదు.

అదీ మానేసి చర్చి పాటలకు వాయించాడు. తర్వాత బెజవాడ దగ్గరి వర్క్‌షాపుకు బదిలీ అయితే, నన్ను చర్చిలోనే వదిలి వెళ్లాడు, పిల్లలెవరైనా నేర్చుకుంటారని. ఎవరూ నేర్చుకోలేదు. మీట నొక్కితే తాళం తానే కొట్టే కీబోర్డు ఒకటి వచ్చింది. నన్ను సామాన్ల గదిలో విరిగిన క్రిస్మస్ నక్షత్రాల పక్కన పడేశారు. ఒక వానాకాలం గది కురిస్తే, తడిసిన బెంచీలతో పాటు పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. జీవరత్నం రిటైరై తిరిగొచ్చి నా కోసం వెతికాడట. ఏడాది పాటు ఆదివారాలు ఎర్రగడ్డ సంతలో తిరిగాడట. నేను అప్పుడు అక్కడ లేను, ఆ పాత సామాన్లవాడి ఇంటి మిద్దె మీద బట్టలారేసే తాడుకు గుంజనై ఉన్నాను. ఎర్రగడ్డ సంతకు నేను చేరింది ఆయన వెతకడం మానేశాక. మా రాతలు అట్లా ఏడ్చాయి.

అక్కడ నన్ను పట్టినవాడు చంద్రహాస్. ముప్పై అయిదేళ్లుంటాయి, కంప్యూటర్ల ఉద్యోగం చేస్తూ పాత సంగీతం మీద పిచ్చితో ఈ ప్రదర్శనశాల పెట్టాడు. నా మేక కొమ్మూ దున్న కొమ్మూ చూసి రోడ్డు మీదే కూలబడ్డాడు. రికార్డు అట్ట మీద చూసిన ఆకారం అది. అప్పటికి ఆ రికార్డును ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టారు. నలభై ఏళ్ల కిందట ఒక్కడు కూడా చప్పట్లు కొట్టని పాటను దేశదేశాల్లో లక్షలమంది విన్నారు. ఈ రకం సంగీతంలో ప్రపంచానికి విలువ తెలియని గిటారిస్టులు అంటూ జాబితాలు రాసేవాళ్లు ఉంటారట. వాటిలోకి సికింద్రాబాదు పేరు ఎక్కింది. గిటారిస్టు ఎవరు? అట్ట మీద గిటారు పట్టుకున్నవాడు. ఇంకెవరు!

చంద్రహాస్ నన్ను బాగుచేయించే మనిషితో చెప్తుంటే విన్నాను. "సార్‌కి ఫస్ట్ ఫోన్ చేసినప్పుడు, నేను గిటార్ వాయించలేదు బాబూ, కీబోర్డే వాయించేవాణ్ణి అన్నారన్నా. రికార్డులో రెండూ ఆయనే కదా, ఎంత వినయమో చూడు. నేను బతిమాలితే రెండోసారి ఇంక కాదనలేదు."

ఒకసారి నిజం చెప్పాడు. వినయం అన్నారు. ఆ తర్వాత ఆయనకు ఆ వినయం రుచిగానే ఉన్నట్టుంది. సన్మానాలు, ఇంటర్వ్యూలు వచ్చాయి. చెయ్యి వణుకుతోంది, వాయించవద్దని డాక్టర్లన్నారని చెప్పి నెట్టుకొచ్చాడు. విలువ తెలియని గిటారిస్టుకు విలువ కడుతున్నామని వీళ్లు పండగ చేసుకుంటుంటే, ఆ గిటారిస్టు సికింద్రాబాదులో రేషను షాపు వరసలో నిలబడి ఉన్నాడు.

బాగుచేసే మనిషి మంచి పనివాడే, అదే నా ఖర్మ. జీవరత్నం మోచెయ్యి ఆని ఆని నా భుజం మీద ఒక పల్లం పడి ఉండేది. బొటనవేలు రాసుకుని మెడ వెనక రంగు పోయి ఉండేది. అవన్నీ గీకి, పూడ్చి, మెరిసే పాలిష్ పట్టించాడు. అరిగిన ఇత్తడి మెట్లు పీకి కొత్తవి కొట్టాడు. పెళ్లికూతురిలా ఉన్నానన్నారు. శవానికి స్నానం చేయించినా అలాగే అంటారు.

ప్రదర్శనశాల మొదలుపెట్టిన రోజు ఆదివారం, మధ్యాహ్నం. ఓ నలభై మంది వచ్చారు. ముఖ్య అతిథి సురేంద్రనాథ్ చేతికర్రతో ముందు కుర్చీలో కూర్చున్నాడు. అంతలో తలుపు దగ్గర జీవరత్నం కనిపించాడు. పక్కన కూతురు సలోమి, బడిలో లెక్కల టీచరు. ఫోనులో ప్రకటన చూసి తీసుకొచ్చింది. డెబ్భై రెండేళ్లు ఆయనకు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నన్ను చూసి పెట్టె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నా భుజం మీద పల్లం కోసం ఆయన కళ్లు వెతికాయి. లేదు.

సురేంద్రనాథ్ లేచాడు. వచ్చి కౌగిలించుకున్నాడు. "జీవా! ఎన్నాళ్లయిందిరా!" తర్వాత జనం వైపు తిరిగి, "ఈయన జీవరత్నం. ఆ రోజుల్లో మా వెంటే ఉండేవాడు. ఈయన లేకపోతే మేం లేం," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"వెంట ఉండుడు గాదు సార్," అంది సలోమి. "గిటార్ వాయించింది మా డాడీ. బోర్డు మీద పేరు మార్చాలె. అందుకే వచ్చినం."

చప్పట్లు ఆగిపోయాయి. చంద్రహాస్ ఇబ్బందిగా నవ్వాడు. మర్యాద తెలిసినవాడు కాబట్టి కసురుకోలేదు. "అంకుల్, పాత ఫొటో ఏదన్నా ఉందా? మీరు వాయిస్తున్నట్టు?"

"ఉన్నయ్ బాబూ, నాలుగైదు," అన్నాడు జీవరత్నం. "అన్నిట్ల నా వీపే ఉంటది."

ఎవరో కిసుక్కుమన్నారు. సలోమి కళ్లు ఎర్రబడ్డాయి. "అయితే వాయిస్తడు. ఇయ్యండి," అంది. చంద్రహాస్ సురేంద్రనాథ్ వైపు చూశాడు. ఆయన కాదనలేదు, ఔననలేదు. పెట్టె తెరిచి నన్ను తీసి జీవరత్నం చేతికిచ్చారు.

ముప్పై ఏళ్లయింది ఆ చేతులు తగిలి. చర్మం పలచబడింది, వేళ్ల కణుపులు వాచాయి. అక్కడున్న స్పీకరు డబ్బాకు తీగ కలిపి, శ్రుతి చేసుకుని, అలవాటు ప్రకారం వీపు తిప్పబోయాడు. అటువైపు డ్రమ్స్ లేవు, మోకాలూ లేదు. మళ్లీ జనం వైపే తిరిగి, కళ్లు మూసుకుని పెదాల మీద లెక్క మొదలుపెట్టాడు.

'అప్ గూడ్స్'లో నేను ఒంటరిగా పలికే భాగం చివర, పదకొండు స్వరాలు మెట్లు దిగినట్టు దిగుతాయి, నాలుగుసార్లు. నాలుగోది అవగానే ఆర్గన్ అందుకుంటుంది. మొదటిసారి వేళ్లు తడబడ్డాయి. రెండోసారి కుదురుకున్నాయి. మూడోసారికి నాకు లాలాగూడ వినబడింది. నాలుగోసారి పదకొండో స్వరం లాగి, దాన్ని వణికించి వదిలాడు. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ పలకలేదు. ఇంక చాలు, ఇంక ఎవడు కాదంటాడో చూద్దామనుకున్నాను.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చంద్రహాస్ పరుగెత్తుకొచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు. "సూపర్ అంకుల్! అచ్చం సార్ వాయించినట్టే ఉంది. ఎన్నేళ్లు విని నేర్చుకున్నారు? ఒక్కచోటే చిన్న తప్పు పోయింది. లాస్ట్ టైమ్ ఒక నోట్ ఎక్కువేశారు. అక్కడ పదకొండు కాదు, పదే. సార్ జీనియస్ అంతా అక్కడే ఉంది కదా."

ఇంతదాకా మీకు చెప్పని సంగతి ఒకటుంది. మద్రాసులో రికార్డు చేస్తున్నప్పుడు, నాలుగోసారి పదకొండో లెక్క మీద, ఇంకా అందుకోవాల్సిన సమయం రాకముందే సూరీ వేలు జారి ఆర్గన్ మీద పక్క మీట నొక్కింది. మళ్లీ వాయించడానికి టేపు మిగల్లేదు. సూరీ ఏడ్చినంత పని చేశాడు. జీవరత్నమే ఇంజనీరుతో, "ఆ ఒక్క లెక్క కోసెయ్యి సార్, మావోని పరువు దక్కుతది. నా స్వరం పోతే పోనీ," అన్నాడు. ఇంజనీరు బ్లేడుతో టేపు కోసి అతికించాడు. ఆ కోత గురించే ఇప్పుడు దేశదేశాలవాళ్లు వ్యాసాలు రాస్తున్నారు. చివర ఒక స్వరం మింగేసి, వినేవాడి అడుగును గాల్లో నిలబెట్టిన మహానుభావుడని. సూరీ తప్పు సురేంద్రనాథ్ ప్రతిభ అయింది. జీవరత్నం ఒప్పు తప్పయింది.

"మీరు చెప్పండి సార్," అని చంద్రహాస్ సురేంద్రనాథ్ వైపు తిరిగాడు. "అక్కడ పదే కదా?"

సలోమి కూడా ఆయన వైపే చూసింది. ఒక్క మాట చాలు. నలభై మంది విన్నారంటే రేపటికి లోకం వింటుంది. సురేంద్రనాథ్ చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు.

"రికార్డులో పదే," అన్నాడు.

అబద్ధం కాదు. అందుకే నాకు ఒళ్లు మండిపోయింది. అబద్ధమాడి ఉంటే జీవరత్నం నిలదీసేవాడేమో. లెక్క కరెక్టుగా ఉంటే ఆయన ఎన్నడూ ఎదురు చెప్పలేదు.

"అవు," అన్నాడు జీవరత్నం. "రికార్డుల పదే." నన్ను మెడలోంచి తీసి చంద్రహాస్ చేతిలో పెట్టాడు.

"డాడీ, చెప్పు," అంది సలోమి. "చెప్పవేంది?"

చంద్రహాస్‌కు మనసు చివుక్కుమన్నట్టుంది, పెద్దాయనను వట్టి చేతులతో పంపించకూడదనుకున్నాడు. మళ్లీ కొత్తగా అచ్చు వేసిన ఆ రికార్డు ఒకటి తెచ్చి, సురేంద్రనాథ్ చేతికి పెన్ను ఇచ్చాడు. ఆయన అట్ట మీద, తన ఫొటో కింద, 'జీవరత్నానికి, ప్రేమతో' అని రాసి సంతకం పెట్టాడు. చెయ్యి నిజంగానే వణికింది. రెండు చేతులతో ఇచ్చాడు.

జీవరత్నం అట్ట చూశాడు. దాన్ని నా గాజు పెట్టె మీద మెల్లగా పెట్టాడు.

"మా ఇంట్ల దీన్ని తిప్పే మిషన్ లేదు, సార్," అన్నాడు.

కారుషెడ్డు రోజుల నుంచి ఆ నోటి వెంట ఆయనకు సూరీ తప్ప మరో పిలుపు నేను వినలేదు. టెర్రీ పోయాక ఆయన్ని అలా పిలవగల మనిషి ఈ లోకంలో ఇతనొక్కడే. సురేంద్రనాథ్ పెన్ను పట్టుకునే రెండడుగులు ముందుకు వేశాడు.

"సార్ ఏంటి జీవా," అన్నాడు. "సూరీ అను."

జీవరత్నం అప్పటికే కూతురి భుజం పట్టుకుని మెట్లు దిగుతున్నాడు.